నానో ఖనిజాల పొడితో రంగునీళ్లు నిజంగా శుభ్రపడతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు కలిపిన నీళ్లలో టైటానియం డయాక్సైడ్ నానోకణాలు వేసి యూవీ దీపం కింద పెట్టారు. గంటన్నరలో నీలం పోయింది. గైడ్‌గారు అసలైన రంగుల వ్యర్థజలం తెచ్చి దీని మీద చేసి చూపించమన్నారు. అక్కడ ఏమీ జరగలేదు. పొడి పాడైపోయిందా?

పొడికేం కాలేదు. నేను నాలుగేళ్లు ఇదే పని చేశాను, అందులో మొదటి ఏడాదంతా మీరు ఇప్పుడున్న చోటే ఉన్నాను.

ముందు నేనొకటి అడుగుతాను. దీపం వేయకుండా, అదే బీకరుకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి, చీకట్లో అరగంట కలిపి చూశారా? నేను చూడలేదు. నాది మాంట్‌మోరిల్లోనైట్ బంకమట్టి మీద టైటానియా (టైటానియం డయాక్సైడే) ఎక్కించిన పొడి. దీపం వేసిన పది నిమిషాలకే రంగు దాదాపు పోయింది. గ్రాఫు గీసుకుని తెగ సంబరపడ్డాను. సెంట్రిఫ్యూజ్ ట్యూబులు కడుగుతున్న మా సీనియర్ ఒకటి తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుని, "అడుగున చూడవయ్యా" అంది. పైన నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున ఉన్న తెల్లటి పొడి మాత్రం ముదురు నీలం. ఆ మట్టి పలకల మీద రుణావేశం ఉంటుంది, మిథిలీన్ బ్లూకి ధనావేశం. రెండూ అతుక్కున్నాయి, అంతే. రంగు నీళ్లలోంచి మట్టిలోకి ఇల్లు మారింది. కాంతికి అందులో పెద్ద పాత్రేమీ లేదు.

కాబట్టి చీకటి పరీక్ష తప్పనిసరి. పొడి లేకుండా దీపం ఒక్కటే వేసి చూడటం కూడా. మిథిలీన్ బ్లూ వెలుతురుకి తనంతట తానే కొంత వెలిసిపోతుంది.

ఇక అసలు పని ఎలా జరుగుతుందో చెబుతాను. అనటేస్ అనే స్ఫటిక రూపంలో ఉన్న టైటానియాకి 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి, అంటే సుమారు 387 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగం. అది తగిలితే ఒక ఎలక్ట్రాన్ పైకి లేస్తుంది, దాని చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ ఉపరితలం మీది నీటి నుంచి హైడ్రాక్సిల్ రాడికల్‌ని పుట్టిస్తుంది, రంగు అణువుని విరగ్గొట్టేది అదే. ఎలక్ట్రాన్‌ని కరిగిన ఆక్సిజన్ అందుకుంటుంది. ఆక్సిజన్ అందుకోకపోతే ఎలక్ట్రాన్ వెనక్కి వచ్చి అదే ఖాళీలో పడిపోతుంది, పని జరగదు. (1972లో ఫుజిషిమా, హోండా అనే జపాన్ శాస్త్రవేత్తలు టైటానియా ఇంకో రూపమైన రూటైల్ మీద కాంతి వేసి నీటిని విడగొట్టినప్పటి నుంచి ఈ రంగం ఊపందుకుంది. అందరూ "ఎండలో పెడితే చాలు" అంటుంటారు గానీ, ఎండలో యూవీ భాగం నాలుగైదు శాతమే.)

ఆక్సిజన్ సంగతి నాకు పుస్తకం చదివి ఒంటబట్టలేదు. ఒకరోజు గాలి పంపు చప్పుడు భరించలేక ఆపేశాను. పైగా పొడి ఉండకట్టకుండా ముందే కాస్త ఇథనాల్‌లో కలిపి పోశాను. రంగు ఎన్నడూ లేనంత వేగంగా పోయింది. ఆ నమూనాని మూత పెట్టకుండా బల్ల మీద వదిలేసి వెళ్లాను. పొద్దున వచ్చి చూస్తే నీలం తిరిగొచ్చింది! గాలి లేనప్పుడు ఆ ఎలక్ట్రాన్లు రంగుకే చేరి దాన్ని రంగులేని రూపంలోకి మార్చాయి, ఖాళీలని ఇథనాల్ తినేసింది. గాలి తగలగానే రంగు మళ్లీ మామూలైంది. అంటే ఆ అణువు విరగనే లేదు. రంగుని కాంతితో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరుకి మాత్రం మిథిలీన్ బ్లూ కాంతిని పీల్చే 664 నానోమీటర్ల దగ్గర ఏమీ కనపడలేదు కాబట్టి "శుభ్రం" అని చెప్పింది. పాపం, దాన్ని అడిగింది అంతవరకే.

అందుకే రంగుతో పాటు టీఓసీ (నీళ్లలో మిగిలిన మొత్తం సేంద్రియ కార్బన్), అది కుదరకపోతే సీఓడీ (ఆ మురికిని రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) కొలవండి. రంగు ఇచ్చే బంధం ఒక్కటి తెగితే చాలు, నీళ్ల రంగు పోతుంది. బెంజీన్ వలయాలు ఇంకా అక్కడే తిరుగుతుంటాయి.

సీఓడీతో ఒక జాగ్రత్త, దీనివల్ల నాకు రెండు వారాలు నిద్రలేదు. తర్వాతి దశలో మాగ్నెటైట్ (అయస్కాంతానికి అతుక్కునే ఇనుప ఖనిజం) నానోకణాలు, హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడాను. ఇనుము, పెరాక్సైడ్ కలిపి చేసే చర్య 1894లో ఫెంటన్ అనే రసాయన శాస్త్రవేత్త చెప్పింది, దాన్నే ఇక్కడ ఘన ఖనిజంతో చేయడం. రంగు పోయింది, సీఓడీ మాత్రం పెరిగింది. శుభ్రం చేసిన నీళ్లు ముందుకన్నా మురికా? టెన్షన్‌తో పరీక్ష నాలుగుసార్లు మళ్లీ చేశాను. చివరికి తేలిందేమిటంటే, మిగిలిపోయిన పెరాక్సైడ్ కూడా సీఓడీ పరీక్షలో వాడే డైక్రోమేట్‌ని ఖర్చు చేస్తుంది, దాన్ని పరీక్ష మురికి కింద లెక్కేస్తుంది. పెరాక్సైడ్ స్ట్రిప్ ముంచి చూసి, ఉంటే కాటలేజ్ ఎంజైమ్‌తో తీసేశాకే సీఓడీ పెట్టండి.

ఇప్పుడు మీ వ్యర్థజలం దగ్గరికొద్దాం. ప్రయోగశాల రంగునీళ్లు స్వచ్ఛమైన నీటిలో లీటరుకి పది ఇరవై మిల్లీగ్రాముల రంగు, ఇంకేమీ ఉండవు. అసలైన దాంట్లో పిండిపదార్థం, సబ్బు, ఉప్పు, సోడా అన్నీ ఉంటాయి. నీళ్లే చిక్కగా ఉంటే యూవీ పైపొరలోనే ఆగిపోతుంది, లోపలి కణాలు చీకట్లో తిరుగుతుంటాయి. హైడ్రాక్సిల్ రాడికల్ ఎంపిక చేసుకునే రకం కాదు, పుట్టిన చోట పక్కన ఏముంటే దాన్ని పట్టుకుంటుంది. బైకార్బొనేట్, క్లోరైడ్ ఎక్కువుంటే వాటికే సరిపోతుంది. పైగా ఉప్పునీళ్లలో నానోకణాలు గుంపుకట్టి అడుగుకి చేరతాయి, అప్పుడు నానో అన్న పేరు తప్ప ఉపరితలం మిగలదు. పొడి ఇంకా కుమ్మరించడం పరిష్కారం కాదు. ఒక స్థాయి దాటితే పొడే కాంతికి అడ్డం.

నా అభిప్రాయం అడిగితే, పచ్చి వ్యర్థజలం మీద దీన్ని వాడటమే పొరపాటు. మురికిని ముద్దకట్టించి తీసేసి, మిగతాది సూక్ష్మజీవులతో తినిపించాక కూడా మొండిగా మిగిలే కొద్దిపాటి రంగులు, మందుల అవశేషాల మీద ఇది బాగా పనిచేస్తుంది. గైడ్‌గారికి అదే చెప్పండి. జీవచర్య ముగిశాక బయటికొచ్చే నీటి నమూనా అడగండి. అది వచ్చేలోపు మీ మిథిలీన్ బ్లూ నీటికే ఒకసారి బైకార్బొనేట్, ఇంకోసారి ఉప్పు కలిపి, ఏది ఎంత దెబ్బతీస్తుందో విడివిడిగా చూడండి. థీసిస్‌లో ఒక అధ్యాయానికి అదే సరిపోతుంది.

పొడిని తిరిగి పట్టుకోవడం గురించి మీరు అడగలేదు గానీ, రేపు వైవాలో అడుగుతారు. ఇరవై నానోమీటర్ల టైటానియా నీళ్లని పాలలా చేస్తుంది. నేను ఒక బీకరు మూడు రోజులు కదపకుండా ఉంచాను, అయినా తేటపడలేదు. మాగ్నెటైట్ అయితే బీకరు పక్కన అయస్కాంతం పెట్టగానే నల్లటి పొడి నీళ్లలో ఒరుసుకుంటూ వచ్చి గాజుకి అతుక్కుంటుంది. ఎన్నిసార్లు చూసినా ముచ్చటేసే దృశ్యం. అది చూసి "మాగ్నెటైట్ మీద టైటానియా పూత వేస్తే రెండూ కలిసొస్తాయి" అని అందరికీ అనిపిస్తుంది. నేరుగా వేస్తే కాంతి పుట్టించిన ఎలక్ట్రాన్లు, ఖాళీలు ఇనుము వైపు జారిపోతాయి, ఇనుము కొంత కరుగుతుంది కూడా. మధ్యలో సిలికా పొర వేయాలి. అంత ఓపిక లేకపోతే టైటానియాని గాజుపూసల మీద అంటించి వాడండి. వేగం తగ్గుతుంది, వడపోత బాధ ఉండదు.

పొడి తూచేటప్పుడు ఫ్యూమ్ హుడ్‌లో, మాస్క్ పెట్టుకుని తూచండి. టైటానియం డయాక్సైడ్ ధూళిని పీల్చడం క్యాన్సర్‌కి దారితీసే అవకాశం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2బీ వర్గంలో పెట్టింది. మేం మొదట్లో ఫ్యాన్ కింద తూచేవాళ్లం, తెల్లగా చొక్కాల నిండా పడేది.

మీ వ్యర్థజలం పీహెచ్, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తటస్థం చేసే శక్తి), సీఓడీ ఎంతో రాయండి. ఆ మూడూ లేకుండా పొడి మోతాదు గురించి నేనేం చెప్పినా గుడ్డిలెక్కే అవుతుంది.