మామోగ్రామా, అల్ట్రాసౌండా, ఎమ్మారైయా?

రొమ్ము క్యాన్సర్ ఉందేమో చూడ్డానికి మామోగ్రామ్ తీశాక మళ్లీ అల్ట్రాసౌండ్ ఎందుకు రాశారు, నేరుగా ఎమ్మారై తీస్తే పోదా అని ఒకరు అడిగారు. ఒకదానికి కనబడనిది ఇంకోదానికి కనబడుతుంది, అందుకే.

మామోగ్రామ్ తక్కువ మోతాదు ఎక్స్‌రే. రొమ్మును రెండు పలకల మధ్య కొన్ని సెకన్లు నొక్కిపెట్టి తీస్తారు, కాస్త నొప్పిగానే ఉంటుంది. గడ్డ చేతికి తగలకముందే, క్యాన్సర్‌కు తొలి గుర్తు కాగల సన్నటి కాల్షియం చుక్కల్ని పట్టడంలో దీనికి సాటి లేదు. (ఆ రోజు చంకల్లో పౌడర్, డియోడరెంట్ వద్దంటారు. అవీ అచ్చం అలాంటి చుక్కల్లాగే పడొచ్చు.) చిక్కల్లా దట్టమైన, అంటే కొవ్వు తక్కువగా గ్రంథులు ఎక్కువగా ఉన్న రొమ్ములతోనే. ఫిల్ములో గ్రంథుల కణజాలమూ తెలుపే, క్యాన్సరూ తెలుపే. పొగమంచులో కొంగను వెతికినట్టు. చిన్న వయసువాళ్లలో ఈ ఇబ్బంది ఎక్కువ.

అక్కడ అల్ట్రాసౌండ్ పనికొస్తుంది. రేడియేషన్ ఉండదు. గడ్డలో ఉన్నది నీరా, లేక అది గట్టి కణితా అన్నది చెబుతుంది. కానీ కాల్షియం చుక్కల్ని సరిగ్గా చూపదు, పైగా చేసేవారి అనుభవం మీద చాలా ఆధారపడుతుంది.

ఎమ్మారై అన్నిటికన్నా ఎక్కువ క్యాన్సర్లను పట్టిస్తుంది. అయితే ఖర్చెక్కువ, చిత్రంలో తేడా స్పష్టంగా కనబడేందుకు గాడోలినియం అనే మందు ఇంజెక్షన్ కావాలి, ఏమీ కానివాటిని కూడా అనుమానంగా చూపించి ఊరికే టెన్షన్ పెడుతుంది. అందుకే బీఆర్‌సీఏ (మార్పు వస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పు బాగా పెంచేది) జన్యువులో మార్పు ఉన్నవాళ్ల లాంటి అధిక ముప్పు వారికి మామోగ్రామ్‌తో పాటు ఏటా రాస్తారు. అందరికీ రాయడం నా దృష్టిలో దండగ.

ఎందులో అనుమానం వచ్చినా, క్యాన్సరా కాదా తేల్చేది చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీయే.