హెడర్ ఫైల్ దొరకలేదని దారే మార్చేస్తారా?

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఏదో ప్రోగ్రామ్ బిల్డ్ చేయబోతే 'హెడర్ ఫైల్ లేదు' అని వస్తోందట. వారం నుంచి అక్కడే ఆగిపోయాడు, కోడింగ్ తన వల్ల కాదంటున్నాడు. సీ ప్లస్ ప్లస్ మాన్పించి ఏఐ షార్ట్ టర్మ్ కోర్సులో చేర్పించమంటారా? ఏది మేలు?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు టెన్షన్ తగ్గించుకోండి. హెడర్ ఫైల్ అంటే ప్రోగ్రామ్ వాడుకునే ఫంక్షన్లు వగైరాల వివరాలుండే ఫైల్. ఏళ్ల తరబడి అనుభవం ఉన్నవాళ్లకూ ఈ ఎర్రర్ వస్తుంది. కోడ్ను మెషీన్కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఆ ఫైల్ కోసం ఎక్కడెక్కడ వెతికిందో వాళ్లు ముందు చూసుకుంటారు, మీ బాబుకు అది ఇంకా ఎవరూ చూపించలేదు.

జీసీసీ అనే కంపైలర్ వాడుతుంటే, ఆ కమాండ్‌కు మైనస్ వీ (-v) చేర్చి నడపమనండి. ఏ ఫోల్డర్లలో, ఏ వరుసలో వెతుకుతోందో జాబితా వస్తుంది. ఫోల్డర్ పేరు తప్పు రాసి ఉంటే 'ఇగ్నోరింగ్ నాన్‌ఎగ్జిస్టెంట్ డైరెక్టరీ' అని అక్కడే తెలుస్తుంది. హెడర్ అసలు మెషీన్‌లోనే లేకపోతే, ఉబుంటు (ఒక రకం లినక్స్)లో అయితే పేరు చివర 'డెవ్' ఉన్న ప్యాకేజీ వేసుకోవాలి. లైబ్రరీ (వాడుకోవడానికి సిద్ధంగా ఉన్న కోడ్) ఒక్కటే వేసుకుంటే హెడర్లు సాధారణంగా రావు. ఫైల్ ఉండీ దొరకకపోతే మైనస్ క్యాపిటల్ ఐ (-I)తో ఫోల్డర్ చూపించాలి. చాలామంది పొరబడేది ఇక్కడే: కోడ్‌లో హెడర్‌ను పిలిచే ఇన్‌క్లూడ్ లైన్‌లో ఫైల్ పేరుకు ముందు ఫోల్డర్ పేరు కూడా ఉంటే, దానికి పైనున్న ఫోల్డర్‌ని ఇవ్వాలి. ఒకే హెడర్ రెండు వెర్షన్లలో ఉంటే వరుసలో ముందు తగిలినదాన్నే తీసుకుంటుంది. ఏది తీసుకుందో మైనస్ క్యాపిటల్ హెచ్ (-H) చెబుతుంది.

ఇక ఏఐ కోర్సు. నాకు దాని మీద గట్టి అనుమానాలే ఉన్నాయి. ఏఐ పనులకు వాడే పైటార్చ్, టెన్సర్‌ఫ్లో లైబ్రరీల లోపలి భాగం చాలావరకు సీ ప్లస్ ప్లస్సే. జీపీయూ (ఏఐ లెక్కలు వేగంగా చేసే గ్రాఫిక్స్ చిప్) కోసం సొంతంగా ఒక ఎక్స్‌టెన్షన్ బిల్డ్ చేయాల్సి వచ్చిన రోజు ఇదే ఎర్రర్ మళ్లీ ఎదురవుతుంది. అన్నీ ముందే ఇన్‌స్టాల్ చేసిపెట్టిన నోట్‌బుక్ అనే వెబ్ పేజీలో బటన్ నొక్కడం నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే కోర్సులో ఈ వెతుకులాట ఎవరు నేర్పుతారు?

కోపగించుకోకండి, ఒక మాట గట్టిగానే అంటాను. వాడు 'నా వల్ల కాదు' అనగానే మీరు వేరే కోర్సు గురించి ఆలోచించడం మొదలుపెట్టారు. దాంతో వాడి భయాన్ని మీరే ఖాయం చేశారు. పక్కన కూర్చుని 'ఇంకా కాలేదా' అని అడగడం కూడా మానేయండి.

ఏఐ మీద నిజంగా ఇష్టముంటే చదవనివ్వండి, సీ ప్లస్ ప్లస్ వదలకుండా. హెడర్ దొరికాక 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అని కొత్త ఎర్రర్ రావచ్చు. అది కంపైలైన ముక్కల్ని, లైబ్రరీల్ని కలిపే లింకర్ దగ్గర సమస్య. కంగారుపడకండి, బాబు ఒక మెట్టు దాటినట్టే.