నరం దెబ్బతిని మణికట్టు వాలిపోయింది, ఫిజియోథెరపీతో ఉపయోగం ఉంటుందా?

మీ తమ్ముడు బండి మీద నుంచి పడి కుడి జబ్బ ఎముక విరిగిందనీ, అప్పటి నుంచీ మణికట్టు పైకి లేవట్లేదనీ, చేతి వెనక భాగం మంటగా ఉంటోందనీ రాశారు. "నరం నలిగింది, మూడు నెలలు చూద్దాం" అన్నారట డాక్టరు గారు. ఈలోగా ఫిజియోథెరపీ డబ్బు దండగేనా అని అడిగారు. దండగ కాదండీ. విరిగిన ఎముకను ఎంతవరకు కదపొచ్చో డాక్టరు గారిని అడిగి, ఈ వారమే మొదలుపెట్టించండి. నాకు అచ్చం ఇదే జరిగింది. నేను ఆరు వారాలు ఆలస్యంగా వెళ్లాను. ఆ ఆరు వారాల బాకీ తీరడానికి మూడు నెలలు పట్టింది.

నేను తెనాలిలో జాకెట్లు కుడతాను. 2022 కార్తీక మాసంలో గుడికెళ్లి వస్తుంటే కుక్క అడ్డం వచ్చి మా ఆయన బండి జారింది. వెనక ఒక పక్కకు కూర్చున్న నేను కుడి చేతి మీద పడ్డాను. ఎముక జబ్బ మధ్యలో విరిగింది. ఆ నొప్పి కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది మణికట్టు. వాడిపోయిన తోటకూర కాడలా వేలాడుతోంది. వేళ్లు ముడుచుకుంటున్నాయి గానీ చాచుకోవట్లేదు, బొటనవేలు తెరుచుకోవట్లేదు. కత్తెర పట్టే చెయ్యి అది.

రేడియల్ నరం అని ఒకటి జబ్బ ఎముక వెనక నుంచి మెలిక తిరిగి, ఎముకను ఆనుకునే కిందికి దిగుతుంది. ఎముక అక్కడ విరిగితే ఆ నరం సాగడమో నలగడమో జరుగుతుంది. మణికట్టునూ వేళ్లనూ పైకెత్తే కండరాలన్నిటికీ అదే ఆధారం. పైన గాయం లేకుండా లోపల మాత్రమే విరిగిన కేసుల్లో చాలామందికి ఆపరేషన్ లేకుండానే నరం కోలుకుంటుంది. దెబ్బ తేలికైతే వారాల్లోనే కదలిక వస్తుంది. లోపలి పోగులు తెగి, పై తొడుగు మాత్రం నిలిచి ఉంటే, ఆ తొడుగులోంచి కొత్త పోగు పెరగాలి. అది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది, అంటే నెలకు ఒక అంగుళం. నా దగ్గర టేపు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఆ లెక్క నేనే కొలుచుకున్నాను. విరిగిన చోటి నుంచి మోచేతి దగ్గరి కండరానికి నాలుగంగుళాల పైన. బొటనవేలిని తెరిచే కండరం ముంజేతిలో ఉంటుంది, అక్కడికి పదంగుళాలు. అంటే నాలుగైదు నెలలకు మొదటి కదలిక, పదో నెలకు బొటనవేలు. దాదాపు అలాగే జరిగింది.

వ్యాయామం చేస్తే నరం తొందరగా పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నరం నడక నరానిదే. అది వచ్చి చేరేసరికి కీళ్లు బిగుసుకుపోకుండా, కండరాలు కురచబడకుండా చేతిని సిద్ధంగా ఉంచడమే మొదటి నెలల్లో ఫిజియో పని. నా విషయంలో తప్పింది అదే. కట్టు వేసిన ఆసుపత్రిలో "కదపొద్దు" అన్నారు. వాళ్లు చెప్పింది విరిగిన ఎముక గురించి. మేము చెయ్యి మొత్తం అనుకున్నాం, కాదని విడమరిచి చెప్పినవాళ్లు లేరు. ఆరు వారాల తర్వాత చూస్తే వేళ్ల మొదళ్లు కర్రల్లా బిగిశాయి, భుజం ఎత్తబోతే ప్రాణం పోయినంత పని. అప్పుడు గుంటూరులో ఒక ఫిజియో మేడమ్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ మొదటి రోజు అన్న మాట ఇంకా గుర్తుంది: "నరం ఊరు చేరేసరికి దారులు మూసుకుపోయి ఉంటే అదేం చేస్తుందమ్మా?"

ఆవిడ ముందు చేసిన పని కాక్‌అప్ స్ప్లింట్ తొడిగించడం. మణికట్టును కొంచెం పైకి ఎత్తి పట్టుకునే తొడుగు అది. మణికట్టు వాలి ఉంటే పిడికిలి బలంగా పట్టదు. మీరే ఒకసారి మణికట్టు పూర్తిగా కిందికి వంచి పిడికిలి బిగించి చూడండి, తెలుస్తుంది. స్ప్లింట్ తొడిగిన రోజు సాయంత్రమే నేను గ్లాసు పట్టుకుని నీళ్లు తాగాను. నరంలో ఏ మార్పూ లేదు, అయినా చెయ్యి నాదనిపించింది.

తర్వాత రోజూ ఎడమచేత్తో కుడి మణికట్టునూ ఒక్కొక్క వేలునూ పూర్తిగా వెనక్కి చాచడం, నిదానంగా పట్టి ఉంచడం. రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు. ఆసుపత్రిలో వారానికి రెండు రోజులే, మిగతా అంతా ఇంట్లోనే. విసుగు పుట్టించే పని ఇది. నెలల తరబడి ఫలితం కనపడదు. మా అమ్మాయి పక్కన కూర్చుని లెక్కపెట్టేది కాబట్టి సాగింది. మీ తమ్ముడి పక్కన కూడా ఎవరో ఒకరు కూర్చోండి.

ఒక విషయంలో నేను మోసపోయాను. మూడో నెలలో వేళ్ల చివరి కణుపులు చాచుకోవడం చూసి నరం వచ్చేసిందని ఇంట్లో అందరికీ చెప్పాను. ఫిజియో మేడమ్ చూసి, వేళ్ల చివరలను చాచేది అరచేతిలోని చిన్న కండరాలనీ, వాటికి వేరే నరం ఉందనీ చెప్పారు. చూడాల్సింది వేళ్ల మొదళ్ల దగ్గర. ఆ రాత్రి ఏడ్చాను. నాలుగో నెలలో సూదితో చేసే నరాల పరీక్షలో (ఈఎంజీ అంటారు) మోచేతి దగ్గరి కండరంలో కొత్త సంకేతాలు కనిపించాయి. జబ్బ మీద నరం దారి వెంట వేలితో తడితే జివ్వుమనే చోటు కూడా నెల నెలా కిందికి జరుగుతూ వచ్చింది.

ఐదో నెలలో బల్ల మీద పౌడరు చల్లి, ముంజేతిని బొటనవేలు పైకి ఉండేలా పక్కకు పెట్టి మణికట్టు జరపమన్నారు. అలా పెడితే చేతి బరువు ఎత్తక్కర్లేదు, పక్కకు జరిపితే చాలు. బియ్యపు గింజంత జరిగింది. అక్కడి నుంచి బరువుకు ఎదురు ఎత్తడం, తర్వాత అరకిలో సంచీ, తర్వాత వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి తెరవడం. తిరిగి వచ్చిన కండరం తొందరగా అలిసిపోతుంది. ఎక్కువ చేస్తే మర్నాడు అసలు లేవదు. ఆపమన్నచోట ఆపాలి.

మంట సంగతి మీరు ప్రత్యేకంగా అడిగారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చేతి వెనక, కారం రాసినట్టు ఉండేది. చీర కొంగు తగిలినా ఒళ్లు జలదరించేది. డాక్టరు గారు నరాల మంటకు రాసిన మాత్రతో రాత్రుళ్లు నిద్ర పట్టింది, పగలు మత్తుగా ఉండేది. అసలు మార్పు వచ్చింది స్పర్శ అలవాటు చేయించడంతో. ముందు దూది, తర్వాత మెత్తటి గుడ్డ, తర్వాత టవలు. నా దగ్గర గుడ్డముక్కలకు కొదవా? మల్మల్, పట్టు, ఖద్దరు, జరీ అంచు వరసగా పెట్టుకుని ఒక్కోటీ రెండు నిమిషాలు రుద్దేదాన్ని. తర్వాత బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కలపడం. భరించగలిగినంతే చెయ్యాలి, కానీ ఆ చోటును దాచుకోకూడదు. రెండు నెలలకు జరీ అంచు కూడా మామూలుగా తగిలింది.

మీరు కాపడం మాత్రం పెట్టకండి. తెలిసినావిడ చెప్పిందని ఉప్పు మూట వేడి చేసి పెట్టాం. ఆ చర్మానికి వేడి సరిగా తెలియదు, బొబ్బలెక్కేదాకా నాకు తెలియనే లేదు. విరిగిన చోట నూనె మర్దనా కూడా వద్దు. ఇంకో మాట, కరెంటు పెట్టి ఇరవై నిమిషాల్లో పంపేసే చోట ఉండిపోకండి. నా అనుభవంలో మేలు చేసింది చేత్తో చేయించిన పని, ఇంటికి రాసిచ్చిన వ్యాయామాలు. చూసేవాళ్లు బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివినవాళ్లేనా అని అడగండి, అందులో తప్పేం లేదు.

ఫిజియోను నమ్ముకుని డాక్టరును వదలకూడదు కూడా. విరిగినప్పుడు చర్మం చీలి గాయం అయిందంటే నరం తెగి ఉండొచ్చు, అప్పుడు ఆగకుండా సర్జన్ చూడాలి. గాయం లేకపోయినా మూడు నాలుగు నెలలకు పరీక్షలో ఏ సంకేతమూ లేకపోతే ఆపరేషన్ మాట ఎత్తండి. నరం అందని కండరం ఏడాది, ఏడాదిన్నర దాటితే ఇక పట్టు రాదు. అప్పటికీ వేరే స్నాయువును (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) మార్చి కుట్టి మణికట్టు ఎత్తించే ఆపరేషన్ ఉంది, దారి పూర్తిగా మూసుకుపోదు.

2023 వినాయక చవితికి రెండు రోజుల ముందు బొటనవేలు తెరుచుకుంది. పెద్ద కత్తెర కాదు, దారం కత్తిరించే చిన్నదాన్ని తెరిచాను. సంక్రాంతికి ఆర్డర్లు తీసుకున్నాను.

మీ తమ్ముడికి ఇప్పుడు ఎన్నో వారం? పైన గాయం ఉందా? ఆ రెండూ రాయండి. ఈలోగా ఈ రాత్రే చెయ్యి దిండు మీద ఎత్తుగా పెట్టించి, రెండో చేత్తో వేళ్లు ఒక్కొక్కటిగా చాపించండి.