ముల్లంగి విరగబూసినా విత్తనం ఎందుకు పట్టదు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. విత్తనానికని పెరట్లో ఒక ముల్లంగిని పీకకుండా వదిలాం. విరగబూసింది, తేనెటీగలూ వస్తున్నాయి. పూలు మాత్రం కాయ కట్టకుండా రాలిపోతున్నాయి. ఎరువు తక్కువైందా? కణాలు తమ సరుకును తామే తినేయడం వల్ల ఇలా జరుగుతుందని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?

జవాబు: ఎరువు సంగతి కాదు, ఒక్క మొక్కే ఉండటం అసలు చిక్కు. ముల్లంగి, క్యాబేజీ వంటివి తమ పుప్పొడిని తామే తిప్పికొడతాయి. మీ అబ్బాయి మాటలో నిజం ఉంది.

ఎండిన పుప్పొడి రేణువు మొలకెత్తాలంటే కీలాగ్రం, అంటే పువ్వు మధ్యలో పుప్పొడి వాలే కొన, దానికి నీరివ్వాలి. పరాయి రేణువు వాలితే కీలాగ్రపు కణాలు చిన్న చిన్న సంచుల్లో నీరందడానికి కావలసిన సరుకు నింపి దాని దగ్గరికి పంపుతాయి. సొంత రేణువైతే, దాని పైపూతలోని ప్రొటీన్ కీలాగ్రం మీద సంకేతాన్ని అందుకునే గ్రాహకానికి తాళంచెవిలా సరిపోతుంది. వెంటనే లోపల ఏఆర్‌సీ1 అనే ప్రొటీన్ పనిలోకి దిగుతుంది. సంచులను కణం అంచుకు చేర్చే ప్రొటీన్‌కు అది యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్ తగిలించి ‘పారేయాల్సింది’ అని ముద్ర వేసి, ప్రొటియాజోమ్ అనే ముక్కలుచేసే యంత్రానికి అప్పగిస్తుంది. గమ్యం చేరని సంచులను రిక్తిక, అంటే కణం లోపలి పెద్ద తిత్తి, మింగి కరిగించేస్తుంది. కణం తన సరుకును తానే తినేసే ఈ పనే ఆటోఫాగీ. దీన్ని నడిపే జన్యువులపై చేసిన పనికే జపాన్ శాస్త్రవేత్త యొషినొరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. సొంత పుప్పొడిని తిప్పికొట్టేలా జన్యుమార్పు చేసిన, ఆవ కుటుంబానికే చెందిన ప్రయోగశాల మొక్క అరబిడాప్సిస్‌లో ఆటోఫాగీ జన్యువులను చెడగొడితే ఈ అడ్డు కొంత సడలింది. నీరందని రేణువు మొలకెత్తదు, అంతే.

అనుమానం తీరాలంటే వేరే ముల్లంగి పూల పుప్పొడిని ఉదయం పది పూలకు అద్ది, దారం కట్టి గుర్తుపెట్టండి. వారం పది రోజుల్లో అవి ఉబ్బితే కారణం ఇదే. అవీ రాలితే ఎండదెబ్బ అనుకోవాలి.

ఈ ఒక్క మొక్క నుంచే విత్తనం కావాలంటే, విచ్చడానికి రెండు నుంచి నాలుగు రోజుల ముందున్న మొగ్గను పట్టకారుతో సున్నితంగా తెరిచి, అదే మొక్క మీద విచ్చిన పువ్వు పుప్పొడి అద్దండి. లేత మొగ్గలో గ్రాహకం ఇంకా చాలినంత తయారై ఉండదు. మరీ చిన్న మొగ్గ నలిగిపోతుంది, ఆలస్యమైతే అడ్డు మొదలవుతుంది. ఇలా తీసిన విత్తనం తరం తరానికీ నీరసిస్తుంది కాబట్టి ఇది అలవాటు చేసుకోదగ్గ పద్ధతి కాదు.

వచ్చే ఏడు ఒకే రకం ముల్లంగి పదిహేను, ఇరవై మొక్కలు పక్కపక్కనే వదలండి. వేరే రకం కిలోమీటరు లోపు పూయకూడదు. పూతలో పురుగుమందు కొట్టొద్దు. అక్టోబరులోనే విత్తితే మన నల్లగొండ ఎండలు ముదరకముందే కాయ కట్టేస్తుంది.