ఫారం నింపే ముందు యానిమల్ హౌస్ చూడు బిడ్డా

పరకాల నుంచి బీఫార్మసీ చివరి సంవత్సరం అమ్మాయి అడిగింది: తమ్ముడికి ఎఫ్‌ఎస్‌జీఎస్ అని చెప్పారు, కిడ్నీలో మచ్చలు కట్టే జబ్బు. ఎంఫార్మసీలో ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎట్లా పనిచేస్తాయో చదివే శాఖ) తీసుకుని దాని మీదే పరిశోధన చేయాలని ఉంది. బాపు మాత్రం "ఎలుకల్ని చంపే చదువు మనకెందుకు" అంటున్నాడు. ఏం చేయాలి?

బిడ్డా, బాపు మాటను కొట్టిపారేయకు. ఈ పనిలో ఎలుకలు చనిపోతాయి. చివరి రోజు కిడ్నీ తీసి, పలుచగా కోసి, మచ్చ ఎంత కట్టిందో మైక్రోస్కోప్ కింద చూడాలి, అందుకోసం వాటిని చంపాల్సింది నువ్వే. బీఫార్మసీలో ఇప్పుడు జంతు ప్రయోగాలన్నీ సాఫ్ట్‌వేర్‌లో, వీడియోల్లో చూపిస్తున్నారు కాబట్టి నువ్వు బహుశా ఒక్క ఎలుకను కూడా చేత్తో పట్టుకుని ఉండవు. నాకు టెన్షన్ అక్కడే.

పని ఎట్లుంటదో చెప్తా. మనిషి ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల వడపోత గుత్తులుంటాయి. వాటికి చుట్టుకుని ఉండే పోడోసైట్లు అనే కణాలు ఒకసారి రాలిపోతే మళ్లీ పుట్టడం చాలా అరుదు, ఆ చోట మచ్చ కడుతుంది, మూత్రంలో ప్రోటీన్ పోతుంది. ఎలుకల్లో దీన్ని తెప్పించడానికి ఎక్కువగా వాడేది అడ్రియామైసిన్, క్యాన్సర్‌కు ఇచ్చే మందే. తోక సిరలో ఒక్క ఇంజెక్షన్ ఇస్తే కొన్ని రోజుల్లో మూత్రంలో ప్రోటీన్ పెరుగుతుంది, కొన్ని వారాల్లో మచ్చలు కనిపిస్తాయి. బాల్బ్-సీ రకం చిట్టెలుకకు జబ్బు బాగా వస్తుంది, సీ57 బ్లాక్-6 రకం జన్యువుల తేడా వల్ల తట్టుకుంటుంది. మోతాదు కాస్త తగ్గితే జబ్బే రాదు, కాస్త పెరిగితే ఎలుక చస్తుంది, మందు సిర బయటికి కారితే తోక కుళ్లుతుంది. ఆ చెయ్యి కుదరడానికి నెలలు పడుతుంది.

ఇంకో మాట, కష్టంగా ఉన్నా విను. మందు పెట్టి ఎలుకకు తెప్పించిన జబ్బు, తమ్ముడికి వచ్చిన జబ్బు ఒకటి కాదు. ఎలుకలో పనిచేసింది మనిషిలో పనిచేయకపోవడం మామూలే. తమ్ముడికి మందు కనిపెడతా అనుకుని ఇందులోకి రాకు, తమ్ముడి వైద్యం నెఫ్రాలజిస్ట్ చూసుకుంటాడు. ఈ జబ్బు ఎట్లా మొదలవుతుందో తెలుసుకోవాలన్న ఆరాటం తమ్ముడి రిపోర్టులు పక్కన పెట్టాక కూడా ఉంటే మాత్రం తప్పకుండా రా.

కాలేజీని బిల్డింగ్ చూసి ఎంచుకోకు. ప్రయోగాల ఎలుకల్ని ఉంచే యానిమల్ హౌస్‌కు సీసీఎస్‌ఈఏ (జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ) రిజిస్ట్రేషన్ ఉందా, ప్రయోగాలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ సమయానికి కూర్చుంటుందా అని సీనియర్లను అడుగు. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి థీసిస్ కాలమంతా అనుమతి కోసం ఎదురుచూస్తూనే గడిచిపోయింది. ఎంఫార్మసీ కోసం దేశమంతటా పెట్టే పరీక్ష జీప్యాట్‌కు గట్టిగా చదువు. దాంతో ఎంఫార్మసీలో చేరితే కేంద్ర సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ నెలకు 12,400 రూపాయలు ఇస్తుంది, హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ ఫార్మసీ విద్యాసంస్థ నైపర్ ప్రవేశ పరీక్షకూ అది కావాలి. మన కాకతీయ యూనివర్సిటీ ఫార్మసీ కాలేజీని కూడా తక్కువ చేసి చూడకు.

ఎలుకలు లేకుండా కూడా ఈ జబ్బు మీద పని చేయొచ్చు. కణాల్ని గిన్నెలో పెంచే కల్చర్ ఉంది, ల్యాబ్‌లో పెంచే చిన్న కిడ్నీ ముద్దలు, అంటే ఆర్గనాయిడ్లు ఉన్నాయి. కొత్త మందులకు ఇలాంటి పద్ధతుల ఫలితాలను కూడా తీసుకోవడానికి అమెరికా 2022లో, మన దేశం 2023లో నిబంధనలు మార్చాయి. ఇంకా పూర్తిగా ఎలుక స్థానంలోకి అవి రాలేదు, కానీ నువ్వు చదువు ముగించేసరికి ఆ నైపుణ్యానికి గిరాకీ పెరుగుతుందని నా నమ్మకం.

ఈ నెలలోనే మీ దగ్గర ఎంఫార్మసీ చేసే అక్కలను పట్టుకుని, వాళ్ల గైడ్ అనుమతితో నాలుగు రోజులు యానిమల్ హౌస్‌లో ఉండి రా. వచ్చేటప్పుడు ఎథిక్స్ కమిటీ ఫారం ఖాళీది ఒకటి అడిగి తెచ్చుకో. ఎన్ని ఎలుకలు, అంతకంటే తక్కువతో ఎందుకు కాదు, నొప్పి ఎట్లా తగ్గిస్తావ్ అని అందులో అడుగుతారు. దాన్ని బాపుకు చదివి వినిపించు.