సబ్‌క్వెరీలో టేబుల్‌కు అలియాస్ (మారుపేరు) పెట్టలేదా? టేబుల్ ఖాళీ అయ్యేది అక్కడే

ప్రశ్న: పాత కస్టమర్ల ఆర్డర్లు మాత్రమే తీసేద్దామని ఎస్‌క్యూఎల్‌లో డిలీట్ రన్ చేశాను. సబ్‌క్వెరీలో, అంటే క్వెరీ లోపలి క్వెరీలో, కాలమ్ పేరు తప్పు పడింది. ఎర్రర్ రాలేదు సరికదా, ఆర్డర్స్ టేబుల్ మొత్తం ఖాళీ అయింది. ఇది డేటాబేస్ బగ్గా?

జవాబు: బగ్ కాదు. ఈ ఫిర్యాదు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది కాబట్టి వివరంగా చెబుతాను. మీరు పంపిన క్వెరీ ఇదీ:

డిలీట్ ఫ్రమ్ ఆర్డర్స్ వేర్ కస్ట్_ఐడీ ఇన్ (సెలెక్ట్ కస్ట్_ఐడీ ఫ్రమ్ ఓల్డ్_కస్టమర్స్)

ఓల్డ్_కస్టమర్స్‌లో కస్ట్_ఐడీ అనే కాలమే లేదు, అక్కడ దాని పేరు ఐడీ. ముందు ఏ టేబులో చెప్పకుండా కాలమ్ పేరు ఒక్కటే రాస్తే, డేటాబేస్ దాన్ని మొదట లోపలి టేబుల్‌లో వెతుకుతుంది. అక్కడ లేకపోతే బయటి క్వెరీలో చూస్తుంది. ఆర్డర్స్‌లో దొరికింది. దాంతో ప్రతి ఆర్డర్‌లోని కస్ట్_ఐడీని మళ్లీ దానితోనే పోల్చినట్టయింది. ఓల్డ్_కస్టమర్స్‌లో ఒక్క రికార్డు ఉన్నా చాలు, కస్ట్_ఐడీ నల్‌గా (విలువే లేకుండా) ఉన్నవి తప్ప ఆర్డర్లన్నీ పోతాయి. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అన్నిటిలోనూ ఇంతే. ఆ సబ్‌క్వెరీని విడిగా రన్ చేసి ఉంటే వెంటనే ఎర్రర్ కనిపించేది.

ఇలా రాయాల్సింది: ఇన్ (సెలెక్ట్ ఓసీ.కస్ట్_ఐడీ ఫ్రమ్ ఓల్డ్_కస్టమర్స్ ఓసీ). ఓసీ అన్నది ఓల్డ్_కస్టమర్స్‌కు పెట్టిన అలియాస్. అప్పుడు డేటాబేస్ ఓసీలో తప్ప ఇంకెక్కడా వెతకదు. కాలమ్ లేదని ఆగిపోతుంది, ఒక్క రికార్డూ పోదు. అప్పుడు పేరును ఓసీ.ఐడీగా సరిచేసుకోవచ్చు. అలియాస్ అంటే టైపింగ్ తగ్గించుకోవడానికే అనుకుంటున్నారు చాలామంది. దాని అసలు పని ఈ కాలమ్ ఎవరిదో తేల్చి చెప్పడం. క్వెరీలో రెండో టేబుల్ వచ్చిందంటే ప్రతి కాలమ్ ముందూ అలియాస్ ఉండాల్సిందే.

కమిట్ అయిపోయాక (మార్పు ఖాయమయ్యాక) రోల్‌బ్యాక్ (మార్పును వెనక్కి తిప్పడం) పనిచేయదు. ఒరాకిల్ అయితే అన్‌డూ డేటా (మార్పుకు ముందున్న విలువలు) చెరిగిపోకముందే యాజ్ ఆఫ్ టైమ్‌స్టాంప్‌తో పాత స్థితిని చదివి ఇన్సర్ట్ చేసుకోవచ్చు. మిగతా వాటిలో చాలావరకు బ్యాకప్పే గతి. ఇకముందు డిలీట్‌కి ముందు అదే వేర్‌తో సెలెక్ట్ కౌంట్ రన్ చేయండి. తర్వాత ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి డిలీట్ చేయండి. కౌంట్ చూపిన సంఖ్య, డిలీట్ తీసేసిన రికార్డుల సంఖ్య సరిపోవడమే కాదు, ఆ సంఖ్య మీరు అనుకున్నంతే ఉంటేనే కమిట్ కొట్టండి. మీ క్వెరీలో రెండూ సరిపోయేవి, కానీ ఆ సంఖ్య టేబుల్ మొత్తం అని అక్కడే తెలిసేది.

ఆటోకమిట్‌ను (ప్రతి మార్పునూ వెంటనే కమిట్ చేసే సెట్టింగ్‌ను) ముందే ఆన్‌లో పెట్టి ఇచ్చే క్వెరీ టూల్స్ మీద నాకు కోపం. వాటిలో కొన్ని వేర్ లేని డిలీట్‌కి హెచ్చరిక చూపిస్తాయి, ఇలాంటి డిలీట్‌కి నోరు మెదపవు. ప్రొడక్షన్ (అసలు డేటా ఉన్న డేటాబేస్) కనెక్షన్‌లో ఆటోకమిట్ ఆఫ్‌గా ఉండటమే డిఫాల్ట్ కావాలి. అలాగే క్వెరీలను తయారుచేసి ఇచ్చే టూల్స్ టేబుళ్లకు టీ1, టీ2, టీ3 అని పేర్లు పెడతాయి. ఆరు టేబుళ్లను కలిపే జాయిన్‌లో టీ4 ఏదో తెలియాలంటే ప్రతిసారీ పైకి స్క్రోల్ చేయాలి. ఉద్యోగుల టేబుల్‌ను దానితోనే జాయిన్ చేసేటప్పుడు ఏ, బీ అని కాకుండా ఎంప్, మేనేజర్ అని పెడితే తప్పు చదివేవాళ్ల కంటికే కనబడుతుంది.

ప్రశ్న: పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క ఉద్యోగి జీతం మార్చబోతే అందరిదీ మారిపోయింది.

జవాబు: అప్‌డేట్ ఎంప్లాయీస్ సెట్ ... ఫ్రమ్ ఎంప్లాయీస్ ఈ వేర్ ఈ.ఐడీ = 5 అని రాశారు. పోస్ట్‌గ్రెస్‌కి అప్‌డేట్ పక్కన ఉన్న ఎంప్లాయీస్ వేరు, ఫ్రమ్‌లో ఉన్న ఈ వేరు. షరతు రెండోదానికే పెట్టారు, మొదటిది మొత్తం మారింది. అలియాస్‌ను అప్‌డేట్ పక్కనే పెట్టండి, ఫ్రమ్ తీసేయండి: అప్‌డేట్ ఎంప్లాయీస్ ఈ సెట్ ... వేర్ ఈ.ఐడీ = 5. సెట్‌లో ఎడమవైపు కాలమ్‌కు మాత్రం అలియాస్ తగిలించకండి, పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు.

ప్రశ్న: జీతం * 12 యాజ్ వార్షికం అని పెట్టి, వేర్ వార్షికం > 600000 అంటే ఆ కాలమ్ లేదంటోంది.

జవాబు: వేర్ పని ముగిశాకే సెలెక్ట్ లెక్క మొదలవుతుంది, అప్పటికి వార్షికం అనే పేరు పుట్టనే లేదు. వేర్‌లో జీతం * 12 అనే రాయండి, లేదా మొత్తాన్ని సబ్‌క్వెరీ చేసి బయట వడపోయండి. ఆర్డర్ బైలో మాత్రం ఆ పేరు పనిచేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో దాన్ని సింగిల్ కోట్స్‌లో పెట్టి ఆర్డర్ బైకి ఇవ్వకండి. అది మామూలు స్ట్రింగ్ అయిపోతుంది, ఎర్రర్ రాదు, క్రమమూ ఉండదు.

ప్రశ్న: నేమ్, శాలరీ రెండూ అడిగితే శాలరీ కింద పేర్లు వస్తున్నాయి.

జవాబు: మధ్యలో కామా లేదు. యాజ్ లేకపోయినా కాలమ్ అలియాస్ చెల్లుతుంది కాబట్టి నేమ్ కాలమ్‌కి శాలరీ అని పేరు పెట్టినట్టయింది. కాలమ్ అలియాస్‌కి ఎప్పుడూ యాజ్ రాసే అలవాటు ఉంటే ఈ తప్పు రివ్యూలోనే దొరుకుతుంది. ఒరాకిల్‌లో టేబుల్ అలియాస్‌కి మాత్రం యాజ్ రాయకూడదు.