పానగల్ రాజా ఏ రాజ్యానికి రాజు? 'జమీందారు' అంటే రాజేనా?

చెన్నై టి.నగర్‌లో పానగల్ పార్కు చుట్టూ చీరలు కొనే మనవాళ్లకు ఈ డౌట్ రావడం సహజమే. ఆయన ఏ రాజ్యమూ ఏలలేదు. కాళహస్తికి చెందిన జమీందారు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి. 'రాజా' బ్రిటిష్ వాళ్లిచ్చిన బిరుదు.

జమీందారు అంటే ఫారసీలో భూమి గలవాడు. రైతుల దగ్గర శిస్తు వసూలు చేసుకుని, సర్కారుకు ఏటా పేష్‌కష్ (కప్పం లాంటి సొమ్ము) కట్టాల్సి ఉండేది. బాకీ పడితే ఎస్టేటు వేలానికి వచ్చేది (రాజుగారికి ఆ టెన్షన్ ఎక్కడిది!). 1948 చట్టంతో మద్రాసు ప్రాంతంలో జమీందారీలు రద్దయ్యాయి.

మాట మాత్రం వాడుకలో ఉంది. మంచినీళ్లు కూడా కూర్చున్న చోటికే తెమ్మనేవాణ్ణి 'పెద్ద జమీందారు బయల్దేరాడు' అంటాం. ఇక్కడది వెటకారమే, గౌరవం కాదు.